ధారణకు కాపలా

అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఎలా నడుస్తుందో దగ్గర కూర్చుని చూసినవాళ్ళకు తెలుసు. పృచ్ఛకుడు ఒక విషయం ఇచ్చి పద్యం చెప్పమంటాడు. అవధాని మొదటి అక్షరం పలకగానే, తర్వాత ఏ హల్లు వస్తే మాట అతుకుతుందో ఊహించి "ర వద్దండీ" అంటాడు. అవధాని అనుకున్న మాటను వదిలేసి, అదే గణంలో ఇమిడే ఇంకో మాటను వెతుక్కుంటాడు. రెండో అక్షరం వస్తుంది, మళ్ళీ నిషేధం. పాదం ముగియకముందే ఎక్కడో గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందో చివర్లో లెక్క చెప్పాలి. ఇంతలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు "అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండీ?" అని అందుకుంటారు. దానికీ చమత్కారంగా జవాబిచ్చి, తిరిగి వచ్చి, ఆగిన అక్షరం దగ్గరే మొదలుపెట్టాలి. వ్యస్తాక్షరి పృచ్ఛకుడు మధ్యమధ్య "పదకొండో అక్షరం క", "మూడో అక్షరం ము" అంటూ వరస తప్పించి అందించే అక్షరాలన్నీ కూర్చి వాక్యం చెయ్యాలి. నాలుగు ఆవృత్తాలు పూర్తయ్యాక పద్యాలన్నీ మొదటినుంచి అప్పజెప్పాలి. అదే ధారణ.

ఇది గొప్ప సాహిత్యక్రీడ, అందులో అనుమానం లేదు. నాకు అంతకు మించి మరొకటి కూడా కనిపిస్తుంది. ఒక విషయాన్ని కొన్ని క్షణాలు మనసులో పట్టి ఉంచి, దానితోనే పని చేస్తూ, మధ్యలో వచ్చే అడ్డంకిని తట్టుకునే శక్తి మనిషికి ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ఆ శక్తిని ఇంత కఠినంగా పరీక్షించే ఏర్పాటు మరే భాషలోనూ నేను చూడలేదు. తిరుపతి వెంకట కవులు సంస్థానాలు తిరుగుతూ అవధానాన్ని ఊరూరా తెలిసేలా చేసిన నాటికి, ఈ శక్తి మెదడులో ఎక్కడ ఉంటుందని అడిగి తేల్చుకోగల ప్రయోగశాల ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ వెతుకులాట మొదలైంది చింపాంజీలతో.

1930ల తొలి సగంలో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, జాన్ ఫుల్టన్ ప్రయోగశాలలో కార్లైల్ జేకబ్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పనిచేసేవాడు. అతని దగ్గర బెకీ, లూసీ అని రెండు చింపాంజీలు ఉండేవి. పరీక్ష చాలా చిన్నది. రెండు గిన్నెలు బోర్లించి ఉంటాయి. చింపాంజీ చూస్తుండగానే ఒక గిన్నె కింద తిండి పెడతారు. అడ్డంగా తెర దించి, కొన్ని సెకన్లు ఆగి, తెర ఎత్తుతారు. తిండి ఏ గిన్నె కింద ఉందో గుర్తుపెట్టుకుని తీసుకోవాలి. వాల్టర్ హంటర్ 1913 నాటికే ఇలాంటి పరీక్షను ఎలుకల మీద, కుక్కల మీద, చిన్నపిల్లల మీద చేసి చూశాడు. జేకబ్‌సన్ చేసిన కొత్త పని, చింపాంజీల మెదడులో నుదుటి వెనుక భాగాన్ని రెండు వైపులా తొలగించి మళ్ళీ అదే పరీక్ష పెట్టడం. వాటి చూపు, కదలిక, పాత అలవాట్లు చెక్కుచెదరలేదు. కానీ తెర దిగి లేచేసరికి తిండి ఎక్కడుందో వాటికి తెలియడం లేదు. కొద్ది సెకన్లు చాలు, విషయం జారిపోతోంది.

ఆ ఫలితానికి పట్టిన గతి తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఆపరేషన్‌కు ముందు బెకీ తప్పు చేసినప్పుడల్లా నేల మీద దొర్లి గోల చేసేది. ఆపరేషన్ తర్వాత తప్పులు పెరిగినా అది ప్రశాంతంగా ఉంది. 1935లో లండన్‌లో జరిగిన నాడీ వైద్యుల మహాసభలో ఫుల్టన్, జేకబ్‌సన్ ఈ వివరాలు చెప్పారు. సభలో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ కూడా ఉన్నాడు. ఆ ఏడాది నవంబరులోనే ఆయన మానసిక రోగుల నుదుటి భాగంలో నరాల దారులు తెంచే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. 1949లో దానికే నోబెల్ వచ్చింది. ఆ తర్వాత వేలమంది రోగుల మీద ఆ కత్తి నడిచింది. చింపాంజీ ప్రశాంతతను లోకం అందిపుచ్చుకుంది, అది పోగొట్టుకున్నదాన్ని పట్టించుకోలేదు.

పోయిందేమిటో కాస్త నిదానంగా ఆలోచించినవాడు రాబర్ట్ మాల్మో. 1942లో అచ్చయిన అతని పని ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. నుదుటి భాగం తీసేసిన కోతులకు అతను అదే పరీక్ష పెట్టాడు, ఒక్క మార్పుతో. తెర దించి ఉన్న ఆ కొద్ది సెకన్లూ గదిలో దీపం ఆర్పేశాడు. చీకట్లో చూడ్డానికి ఏమీ లేదు, కంటికి అడ్డుపడేదీ లేదు. అంతవరకూ తడబడిన కోతులు చాలా మెరుగ్గా జవాబు చెప్పాయి. అంటే జ్ఞాపకం పూర్తిగా పోలేదు. దానికి కాపలా పోయింది. కళ్ళముందు ఏది కదిలినా మనసు అటే పోయి, పట్టుకున్నది జారిపోతోంది. అప్రస్తుత ప్రసంగం ఎందుకు పెట్టారో మనకు మాల్మో ప్రయోగం చదివితే అర్థమవుతుంది. పద్యం అల్లే శక్తి ఒకటి, అల్లుతున్న పద్యాన్ని అడ్డంకి నుంచి కాచుకునే శక్తి ఇంకొకటి. అవధానం ఆ రెంటినీ విడివిడిగా పరీక్షిస్తుంది.

నేను ఉండేది తెల్లాపూర్‌లో. పొలాలుండే చోట ఇప్పుడు ఆకాశాన్నంటే టవర్లు లేచాయి. వాటిలో ఉండేవాళ్ళలో చాలామంది గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే ఇంజనీర్లు. ఒక బగ్ వెంట పడి, ఈ ఫంక్షన్ దాన్ని పిలుస్తోంది, అది ఈ విలువను మార్చేస్తోంది అని నాలుగైదు పోగులు మనసులో పట్టుకుని కూర్చున్న సమయానికి ఆఫీస్ చాట్‌లో "ఒక్క నిమిషం ఉందా?" అని మెసేజ్ వస్తే ఏమవుతుందో వాళ్ళను అడగండి. పోగులన్నీ మళ్ళీ మొదటినుంచి పట్టుకోవాలి. దీన్ని బద్ధకమనో ఏకాగ్రత లేదనో తేలిగ్గా తీసిపారేసే మేనేజర్లు మాల్మో కోతుల సంగతి తెలుసుకుంటే మంచిది. నుదుటి భాగం నిక్షేపంలా ఉన్న మనిషికి కూడా ఆ కాపలా శక్తి పరిమితమే.

జంతువుల్లో ఈ ప్రయోగాలు సాగుతుండగా మనుషుల్లో రెండు దురదృష్టకరమైన ఉదంతాలు కొత్త దారి చూపించాయి. మూర్ఛ తగ్గించడానికి 1953లో హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌ను, చుట్టుపక్కల భాగాలను తీసేశారు. శాస్త్ర గ్రంథాల్లో ఆయన పేరు చాలాకాలం హెచ్.ఎం. అనే ఉండేది. ఆ తర్వాత కొత్తగా జరిగిన సంగతులేవీ ఆయనకు జ్ఞాపకం నిలవలేదు. మాంట్రియల్ నుంచి వచ్చి పరీక్షించిన బ్రెండా మిల్నర్ ఆయనకు 584 అనే సంఖ్య ఇచ్చి గుర్తుంచుకోమంది. ఎవరూ పలకరించకుండా వదిలేస్తే, లోలోపల లెక్కలు కట్టుకుంటూ దాన్ని పావుగంటపాటు పట్టి ఉంచాడు. మాట మళ్ళించిన మరుక్షణం సంఖ్య పోయింది, అలాంటి సంఖ్య ఒకటి ఇచ్చారన్న సంగతి కూడా పోయింది. లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ 1969లో వర్ణించిన కె.ఎఫ్. అనే రోగి కథ దీనికి పూర్తిగా ఎదురు. ప్రమాదంలో ఎడమ పరైటల్ భాగం, అంటే చెవి పైన వెనుకవైపు, దెబ్బతిన్నది. అతను రెండు అంకెలకు మించి తిరిగి చెప్పలేడు. కానీ రోజుల తరబడి నిలిచే జ్ఞాపకం మామూలుగానే ఉంది. అప్పటిదాకా విషయం ముందు తాత్కాలిక జ్ఞాపకంలోకి వచ్చి, అక్కడినుంచే శాశ్వత జ్ఞాపకంలోకి పోతుందని పాఠ్యపుస్తకాలు రాసేవి. ముందు గది కూలిపోయినవాడికి వెనుక గది ఎలా నిండుతోంది? ఈ ప్రశ్నకు పాత సిద్ధాంతం దగ్గర జవాబు లేదు.

జవాబు 1974లో అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తల నుంచి వచ్చింది. వర్కింగ్ మెమరీ అనే మాటను అంతకుముందే, 1960లో, జార్జ్ మిల్లర్, యూజీన్ గాలంటర్, కార్ల్ ప్రిబ్రమ్ తమ పుస్తకంలో వాడారు. ప్రిబ్రమ్ కోతుల నుదుటి భాగం మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. బాడ్లీ, హిచ్ చేసింది అవధానాన్ని గుర్తుచేసే ప్రయోగం. మనిషిని కొన్ని అంకెలు పైకి వల్లిస్తూ ఉండమని, అదే సమయంలో చిన్న తర్కం ప్రశ్నలకు జవాబు చెప్పమన్నారు. తాత్కాలిక జ్ఞాపకం ఒక్కటే అయితే ఆరు, ఎనిమిది అంకెలతో అది నిండిపోయి తర్కం కుప్పకూలాలి. అలా జరగలేదు. జవాబులు ఆలస్యమయ్యాయి, తప్పులు మాత్రం పెద్దగా పెరగలేదు. దాంతో వాళ్ళు మాటలను లోలోపల వల్లించే ఏర్పాటు ఒకటి, కంటికి కనిపించిన రూపాన్ని, చోటును పట్టి ఉంచేది ఇంకొకటి, ఈ రెంటినీ నడిపిస్తూ దృష్టిని మళ్ళించే పెత్తనం మరొకటి ఉన్నాయని ప్రతిపాదించారు. అవధాని సమస్యాపూరణం చేస్తూనే గంటలు లెక్కపెట్టగలగడానికి ఇలాంటి విభజనే ఆధారమై ఉండాలి.

వల్లించే ఏర్పాటు గురించి ఒక సంగతి మన ఇళ్ళలోనే కనబడుతుంది. రెండు సెకన్లలో ఎన్ని మాటలు పలకగలమో సుమారుగా అన్నే మనకు వరసగా గుర్తుంటాయని బాడ్లీ బృందం 1975లో చూపించింది. వేల్స్‌లో రెండు భాషలు వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు అంకెల కన్నా పలకడానికి పొడవైన వెల్ష్ అంకెలు తక్కువ గుర్తుంటున్నాయని 1980లో మరో పరిశోధన చెప్పింది. మనం ఎంత తెలుగులో మాట్లాడుకున్నా ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి "నైన్ ఎయిట్ ఫోర్" అంటాం. తొమ్మిది, ఎనిమిది, నాలుగు అంటే పది అక్షరాలు నోట్లో తిరగాలి, ఇంగ్లీషులో మూడు పలుకులు చాలు. బడి నేర్పిన అలవాటు ఇందులో చాలా ఉంది. అయినా ఒక్కసారి విని రాసుకోవలసిన పది అంకెల విషయంలో ఆ పొట్టితనం కలిసొస్తుందనే నేను అనుకుంటాను.

ఇక మెదడులోకి నేరుగా తొంగి చూసిన కథ. కాలిఫోర్నియాలో హోవాకిన్ ఫుస్టర్, గారెట్ అలెగ్జాండర్, జపాన్‌లో కిసౌ కుబోతా, హిరోఆకి నికి 1971లో వేరువేరుగా ఒకే సంగతి బయటపెట్టారు. కోతి తెర ముందు ఎదురుచూస్తున్న ఆ కొన్ని సెకన్లలో, కంటికి ఏ సంకేతమూ లేకపోయినా, నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కొన్ని న్యూరాన్లు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. జవాబు ఇచ్చాక సద్దుమణిగాయి. డొనాల్డ్ హెబ్ 1949లోనే, క్షణకాల జ్ఞాపకమంటే న్యూరాన్ల మధ్య తిరుగుతూ ఉండే ప్రతిధ్వని కావచ్చని ఊహించాడు. ఆ ప్రతిధ్వని ఇప్పుడు సూది మొనకు దొరికింది. ఫుస్టర్ బృందం అదే న్యూరాన్ల ధ్వనిని నుదుటి భాగంతో పాటు మెదడు నడిబొడ్డున ఉండే థాలమస్‌లోనూ విన్నది. ఆ రెండో సగాన్ని లోకం దాదాపు మరచిపోయింది. 2017లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు, థాలమస్ తోడు లేకపోతే నుదుటి భాగం ఆ మోతను నిలబెట్టుకోలేదని చూపించాకే అది మళ్ళీ అందరి నోటికీ వచ్చింది.

ప్యాట్రీషియా గోల్డ్‌మన్-రాకిచ్ ఈ పనికి జీవితాన్ని ధారపోసింది. 1979లో తన సహచరులతో కలిసి, కోతి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో డోపమిన్ అనే రసాయనాన్ని మాత్రమే తగ్గిస్తే, ఆ భాగాన్ని కోసి తీసేసినంత నష్టం జరుగుతుందని చూపించింది. కణాలన్నీ ఉన్నాయి, తీగలన్నీ ఉన్నాయి, ఒక్క రసాయనం లేదు, జ్ఞాపకం నిలవలేదు. తర్వాత 1989లో షిన్‌తారో ఫునహాషి, చార్లెస్ బ్రూస్‌లతో కలిసి చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరూ చదివే పాఠం. కోతి తెర మధ్యలో చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఉన్న ఎనిమిది చోట్లలో ఒకచోట దీపం ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. కొన్ని సెకన్లు ఆగాక, ఆ చోటును గుర్తుపెట్టుకుని కన్ను అటు తిప్పాలి. ఒక్కో న్యూరాన్‌కు ఒక్కో దిక్కు మీద మక్కువ ఉన్నట్టు తేలింది. పైనున్న చోటుకు ఒక న్యూరాన్, కింద ఎడమకు ఇంకొకటి. ఎదురుచూసే సమయంలో ఆ మోత మధ్యలో సన్నగిల్లితే కోతి తప్పు చోటికి చూసేది. ఆమె 2003లో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఆమె దగ్గర పనిచేసిన ఏమీ ఆర్న్‌స్టెన్ ఆ దారినే ముందుకు తీసుకెళ్ళి, మన చేతుల్లో లేని ఒత్తిడి ఎదురైనప్పుడు డోపమిన్, నోర్‌ఎపినెఫ్రిన్ మితిమీరి, నుదుటి భాగంలో న్యూరాన్ల మోత ఎలా బలహీనపడుతుందో వివరించింది. డోపమిన్ తక్కువైనా ఎక్కువైనా ఇబ్బందే. అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోయి, పదిమంది కాల్‌లో అరుస్తుండగా, రోజూ టైప్ చేసే కమాండ్ గుర్తుకు రాని ఇంజనీరుకు ఆ వివరణ తెలిసి ఉంటే కొంత ఊరట.

1990లలో పెట్ స్కాన్, ఎఫ్ఎమ్‌ఆర్‌ఐ వచ్చాక పుర్రె తెరవకుండానే మనిషి మెదడు పనిచేస్తుండగా చూడటం మొదలైంది. లండన్‌లో ఎరాల్డో పౌలేసు, క్రిస్ ఫ్రిత్, రిచర్డ్ ఫ్రాకోవియాక్ 1993లో మాటల వరసను పట్టి ఉంచే చోటు ఎడమ పరైటల్ భాగంలోని సుప్రామార్జినల్ గైరస్ అని, లోలోపల వల్లించే పని బ్రోకా ప్రాంతానిదని వేరు చేసి చూపారు. కె.ఎఫ్. దెబ్బ తగిలింది ఆ ఎడమ పరైటల్ వైపే. ఇరవై నాలుగేళ్ళ తేడాతో రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి సరిపోయాయి.

హైదరాబాద్ ఈ కథలోకి వచ్చింది క్రమాలు నేర్చుకోవడం అనే వాకిలి గుండా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేసిన, ఆ తర్వాత గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి వెళ్ళిన ప్రొఫెసర్ ఎస్. బాపిరాజు, జపాన్ శాస్త్రవేత్త కెంజి దోయాతో కలిసి, మీటలను ఒక వరసలో నొక్కడం మనిషి ఎలా నేర్చుకుంటాడో పరిశీలించారు. కృష్ణప్రసాద్ మియ్యాపురం కూడా ఉన్న ఆ బృందం ఎఫ్ఎమ్‌ఆర్‌ఐ ఫలితాలు 2006లో న్యూరో ఇమేజ్ పత్రికలో వచ్చాయి. వరస కంటికి కనబడే చోట్ల జాబితాగా తలలో ఉన్నప్పుడు పరైటల్ భాగాలు ఎక్కువగా పనిచేస్తాయి. వేళ్ళకే అలవాటైపోయాక భారం కదలికల భాగాలకు మారుతుంది. కీబోర్డు మీద పాస్‌వర్డ్ వేళ్ళకు తెలుస్తుంది, ఎవరైనా అడిగితే నోటికి రాదు. తెల్లాపూర్ నుంచి నల్లగండ్ల దాటితే ఆ యూనివర్సిటీ, పాత ముంబై రోడ్డు మీద ఇంకాస్త పోతే ట్రిపుల్ ఐటీ.

ఆ ట్రిపుల్ ఐటీలోనే ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం 2019లో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ సాయంతో, 100 మంది భారతీయుల స్కాన్ల నుంచి తొలి భారతీయ మెదడు అట్లాస్ తయారుచేసింది. అప్పటివరకూ మన రోగుల స్కాన్లను కూడా మాంట్రియల్‌లో పాశ్చాత్యుల మెదళ్ళతో తయారైన నమూనాతోనే పోల్చేవారు. సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం పాశ్చాత్య, చైనా, కొరియా నమూనాల కన్నా కాస్త తక్కువ. తెలివితో దీనికి సంబంధం లేదు. కానీ కొలబద్ద తప్పయితే, ఫలానా భాగం కుంచించుకుపోయిందని ఆరోగ్యవంతుడికి కూడా చెప్పే ప్రమాదం ఉంది. వర్కింగ్ మెమరీకి ఏ భాగం ఆధారమో మన మనుషుల్లో చెప్పాలంటే ముందు ఆ భాగం ఎక్కడుందో సరిగ్గా తెలియాలి కదా.

ఈలోగా కథ మరో మలుపు తిరిగింది. విషయం నిల్వ ఉండేది నుదుటి వెనుకేనన్న నమ్మకం సడలింది. స్టెఫనీ హారిసన్, ఫ్రాంక్ టాంగ్ 2009లో, ఒక గీత ఏ వైపు వాలి ఉందో గుర్తుంచుకోమన్నప్పుడు ఆ వాలు తల వెనుక భాగంలోని చూపు ప్రాంతంలో పదిలంగా ఉంటుందని, అక్కడి ఎఫ్ఎమ్‌ఆర్‌ఐ తీరును చదివి అది ఏ గీతో చెప్పేయవచ్చని చూపారు. చూసింది చూసే చోట, విన్నది వినే చోట నిలుస్తుంది. నుదుటి భాగం పని వాటిని నిలబెట్టడం, దేన్ని పట్టుకోవాలో దేన్ని వదలాలో చెప్పడం. అడుగున ఉన్న బేసల్ గాంగ్లియా ఇందులో చేసే పని మా కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ చేసే పనిలాంటిది. ఎవరు వచ్చినా ఫ్లాట్‌కు ఫోన్ చేసి, సరేనంటేనే లోపలికి వదులుతాడు. ఫియోనా మెక్‌నాబ్, టోర్కెల్ క్లింగ్‌బెర్గ్ 2008లో చూపినట్టు, అనవసరమైనదాన్ని బయటే ఆపేందుకు ప్రీఫ్రంటల్, బేసల్ గాంగ్లియా ఎంత బాగా సిద్ధమైతే, ఆ మనిషి అంత ఎక్కువ గుర్తుంచుకోగలడు. మాల్మో దీపం ఆర్పి కనిపెట్టినదే అరవై ఆరేళ్ళ తర్వాత స్కానర్‌లో కనబడింది.

మోత ఆగకుండా ఉండాలా అన్నదీ ఇప్పుడు వాదంలో ఉంది. జాన్‌లూయిజి మోంజిల్లో, ఓమ్రీ బరాక్, మిషా సోదిక్స్ 2008లో, న్యూరాన్ల మధ్య అతుకులు కొన్ని క్షణాలు బలపడి ఉంటే చాలు, మోత లేకుండానే విషయం నిలవగలదని ఒక నమూనా కట్టారు. ఐఐటీ మద్రాసులో వి. శ్రీనివాస చక్రవర్తి కూడా, కంప్యూటర్ చిప్‌లో ఒక బిట్‌ను పట్టి ఉంచే ఫ్లిప్‌ఫ్లాప్ తరహాలో పనిచేసే న్యూరాన్లతో నమూనాలు తయారుచేశారు. మెదడు గురించి సామాన్య పాఠకులకు తెలుగులో ఓపిగ్గా రాసే ఆయన ఈ ప్రశ్న మీద స్వయంగా పనిచేయడం నాకెంతో సంతోషం.

హైదరాబాద్ ప్రపంచానికి ఇచ్చిన మరో ఫలితం పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి నుంచి వచ్చింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారితో పోలిస్తే రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనబడింది. బడికి పోని మనిషి కూడా ఇంట్లో తెలుగు, సంతలో ఉర్దూ మాట్లాడే ఊరు కాబట్టే ఆ సంగతి ఇక్కడ తేలగలిగింది. బాపిరాజు, ఉస్మానియా భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత అందులో భాగస్వాములు. ఎప్పుడూ ఒక భాషను ఎంచుకుని రెండోదాన్ని ఆపుతూ ఉండటం నుదుటి భాగంలోని ఆ పెత్తనానికి రోజువారీ సాధన అవుతుందని వాళ్ళ వివరణ. అన్ని దేశాల్లో ఇదే ఫలితం రాలేదు, వాదం సాగుతోంది. ఇంత పెద్ద ప్రశ్నకు మన ఊరి ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళు సాక్ష్యం చెప్పడం మాత్రం చిన్న విషయం కాదు.

ఇన్ని తెలిశాక ధారణ సంగతి. మనసులో ఒకేసారి పట్టి ఉంచగలిగేవి ఎన్నంటే, 1956లో మిల్లర్ ఏడు అన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ అది నిజానికి నాలుగే అన్నాడు. శతావధాని మాత్రం నూరు పద్యాలు అప్పజెబుతున్నాడు. ఈ రెండూ ఎలా పొసగుతాయి? కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం 1980లో ఒక విద్యార్థి గురించి రాసింది. నెలల తరబడి సాధన చేసి అతను ఏడు అంకెల నుంచి 79 అంకెలకు చేరాడు. పరుగు పందేల్లో పాల్గొనే మనిషి కాబట్టి అంకెలను పరుగు సమయాలుగా గుర్తుపెట్టుకునేవాడు. అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే మళ్ళీ ఆరు దగ్గరే ఆగాడు. చేయి పెద్దది కాలేదు, పట్టుకునే తీరు మారింది.

అవధానికి ఆ తీరు ఛందస్సు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. మొదటి పాదం చెప్పగానే మిగతా మూడు పాదాల్లో ప్రాసాక్షరం తేలిపోయింది. పాదం మొదటి అక్షరం గుర్తొస్తే పదో అక్షరం ఏ కొద్ది అక్షరాల్లో ఒకటో తెలుస్తుంది. గణాలు మాట పొడవును నిర్ణయిస్తాయి. అంటే ఆవృత్తానికీ ఆవృత్తానికీ మధ్య పద్యం వర్కింగ్ మెమరీలో కూర్చుని ఉండనక్కర్లేదు. అది దీర్ఘకాల జ్ఞాపకంలోకి దిగి, ప్రాసను పట్టుకుని లాగితే పైకి వస్తుంది. ఎరిక్‌సన్, వాల్టర్ కింట్ష్ 1995లో నిపుణుల జ్ఞాపకం గురించి ఇలాంటి సిద్ధాంతమే ప్రతిపాదించారు. ఢిల్లీ ప్రాంతంలో వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితుల స్కాన్లను జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 2016లో ప్రచురించింది. హిప్పోకాంపస్‌తో సహా పలుచోట్ల వారి మెదడు మామూలు వాళ్ళ మెదడు కన్నా భిన్నంగా కనబడింది. కానీ వేదపాఠంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అవధాని అప్పటికప్పుడు పుట్టించినదాన్ని, అడ్డంకుల మధ్య పుట్టించినదాన్ని తిరిగి చెబుతాడు. నా లెక్కలో నిషిద్ధాక్షరి సమయంలో భారం నుదుటి భాగానిది, బేసల్ గాంగ్లియాది. చివరి ధారణలో భారం హిప్పోకాంపస్‌ది. ఇది ఊహ. పరీక్షించి చూడదగ్గ ఊహ.

స్కానర్ గొట్టంలో తల కదపకుండా పడుకుని పద్యం ఎలుగెత్తి చెప్పడం కుదరదు. తల మీద ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టుకుని కూర్చుని అయితే కుదురుతుంది, పలికేటప్పుడు కండరాల కదలికల వల్ల వచ్చే రొదను వడగట్టుకుంటే. అవధాన విద్య నేర్చుకుంటున్న యువకులు, యువతులు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వారిని శిక్షణకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించవచ్చు. అదే మనిషికి, అదే ఛందస్సులో, అప్రస్తుత ప్రసంగం ఉన్నప్పుడు ఒక నిషిద్ధాక్షరి, లేనప్పుడు ఒకటి ఇచ్చి, తేడా తలలో ఏ భాగం నుంచి వస్తుందో సుమారుగా అంచనా వేయవచ్చు. అవధానిగా శిక్షణ లేని మంచి కవులను పోలికకు తీసుకోవాలి, లేకపోతే కవిత్వం ఏది, ధారణ ఏది అన్నది విడిపోదు. పృచ్ఛకులుగా కూర్చోవడానికి ఛందస్సు తెలిసిన తెలుగు పండితులు కావాలి, సంకేతాలను చదవడానికి ప్రయోగశాల కావాలి. ఈ రెండూ నల్లగండ్ల అవతల సెంట్రల్ యూనివర్సిటీలో, ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి, తెలుగు శాఖ ఒకవైపు, నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఇంకోవైపు.